నిమ్న అండాశయం

మా అత్తమ్మకూ నాకూ పడేది కాదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. మాకు బ్రహ్మాండంగా పడేది. పొద్దున కాఫీ దగ్గర మొదలైన వాదన రాత్రి పెరుగన్నం దాకా నడిచేది. అది లేని రోజు ఇద్దరికీ ఏమీ తోచేది కాదు. ఆవిడ కోస్తా మనిషి, గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో తెలుగు మీడియం పిల్లలకు బోటనీ చెప్పి చెప్పి రిటైరైన లెక్చరర్. నేను హైదరాబాద్ దాన్ని, ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం, ఇంటర్లో మార్కుల కోసం సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్ తీసుకున్న రకం. ఆ ఫ్రెంచ్ కెనడా వచ్చాక కూడా ఒక్కనాడు అక్కరకు రాలేదు, అది వేరే సంగతి. "అత్తమ్మా" అని పిలిస్తే "అత్తయ్యా అనలేవుటే" అనేది. "అననుగాక అనను" అనేదాన్ని. "వెజిటబుల్స్ కట్ చేశా" అంటే "కూరలు తరిగాను అను, నోరేం అరిగిపోదు" అనేది. మా ఆయన ఈ రెండు నోళ్ల మధ్య హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బతికాడు.

మేముండేది లండన్‌లో. ఒంటారియోలో ఉన్న లండన్, ఇండియాలో ఎవరితో మాట్లాడినా "ఆ లండన్ కాదండీ" అని మొదలుపెట్టాల్సిన లండన్. ఇంటి వెనక రోడ్డు దాటితే నదికి దిగే లోయ, లోయ నిండా అడవి, అందులో నడుచుకోవడానికి ఒక ట్రెయిల్. అత్తమ్మ పర్మనెంట్ రెసిడెన్సీ మీద వచ్చినప్పటి నుంచీ ఎండాకాలం సాయంత్రాలు అక్కడే తిరిగేది. ఏ చెట్టు కనిపించినా ఆగి, ఆకు తిప్పి చూసి, తనలో తను ఏదో అనుకుని కదిలేది. నేను ఫోన్లో మెయిల్స్ చూసుకుంటూ వెనక నడిచేదాన్ని.

జనవరిలో ఒక పొద్దున నేను బయట డ్రైవ్‌వేలో మంచు తోస్తుంటే లోపల్నుంచి పోపు మాడిన వాసన వచ్చింది. పరుగెత్తుకెళ్లా. అత్తమ్మ స్టవ్ ముందు నిలబడి ఉంది, గరిటె కింద పడి ఉంది. "ఏమైంది అత్తమ్మా?" అంటే నా వైపు చూసి "అదే" అంది. "అదే అంటే?" "అదే... అదే..." మూతి ఒక పక్కకు లాగేస్తోంది. పక్షవాతం అని నాకు అర్థమై, చేతికున్న గ్లవ్ పళ్లతో లాగేసి అంబులెన్స్‌కు ఫోన్ చేశా.

ప్రాణం దక్కింది. కాలు మెల్లమెల్లగా తిరిగొచ్చింది, కుడిచెయ్యి సగం వచ్చింది. మాట రాలేదు. మిగిలిందల్లా ఆ ఒక్క ముక్కే. నీళ్లు కావాలన్నా "అదే", వద్దన్నా "అదే", కొడుకును పిలిచినా "అదే". నోటి నిండా మాటలున్న మనిషికి దేవుడు ఏరి ఏరి ఆ ముక్కే వదిలాడేమిటని నాకు ఒళ్లు మండేది. ఆవిడ నోరు ఊరుకుంటే ఇంట్లో శాంతిగా ఉంటుందని ఎప్పుడో సరదాకి అనుకుని ఉంటాను. అది శాంతి కాదు. నేను అటూ ఇటూ తిరుగుతూ ఆవిడ మాటలు కూడా నేనే మాట్లాడేసేదాన్ని, "ఉప్పు తక్కువైందా అత్తమ్మా, అవును తక్కువైంది, రేపు సరిగ్గా వేస్తా" అని.

హాస్పిటల్లో స్పీచ్ థెరపిస్ట్ చిన్నపిల్ల, చాలా ఓపిక. బొమ్మల కార్డులు చూపించి ఇంగ్లీష్‌లో అడిగితే నేను తెలుగులో చెప్పాలి. కప్పు ఏది, కుర్చీ ఏది, చూపించమను. అత్తమ్మ ఒకసారి సరిగ్గా చూపిస్తుంది, ఒకసారి కార్డు పక్కకు తోసేసి కిటికీలోకి చూస్తుంది. "మాట రాకపోవడం ఒకటి, మాట అర్థం కాకపోవడం ఇంకొకటి. ఈవిడకు లోపల ఎంత ఉందో నాకు తేలడం లేదు" అంది ఆ అమ్మాయి. ఇంకో మాట కూడా చెప్పింది. కొందరికి ఉన్నట్టుండి మాటలు ధారగా వస్తాయట, కానీ అవి ఏ భాషలోనూ ఉండవట. వింటే అచ్చం మాటల్లాగే ఉంటాయి, అర్థం మాత్రం ఉండదు. "అలాంటిదేమైనా మొదలైతే రికార్డ్ చేసి తీసుకురండి, అది మంచి గుర్తు కాదు" అంది.

మార్చిలో ఆవిడ తిండి మానేసింది. ముద్ద నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తుంది. నా వంటకు అలిగిందేమో అని నేను మూతి ముడుచుకున్నా. ఇల్లు గుర్తొచ్చి బెంగ పెట్టుకుందని మా ఆయన. డిప్రెషన్ కావచ్చని ఫ్యామిలీ డాక్టర్. "ఏమైంది?" అంటే "అదే", "ఎక్కడ?" అంటే "అదే", చెయ్యేమో గాల్లో తిప్పుతుంది. చివరకు బుగ్గ వాచి జ్వరం వస్తే తెలిసింది, పన్ను కింద చీము. డెంటిస్ట్ చూసి "ఇన్నాళ్లు ఎలా ఓర్చుకున్నారు?" అన్నాడు. ఎలా ఓర్చుకుంది అంటే, చెప్పుకోలేక ఓర్చుకుంది. ఆ రోజు కార్లో మా ఆయన స్టీరింగ్ పట్టుకుని ఏడ్చాడు. "నాకు పెద్ద పెద్ద మాటలేం వద్దు. నొప్పి అని ఒక్క మాట అంటే చాలు. ఇక్కడ నొప్పి అని" అన్నాడు. మా ఇంట్లో ఆశ మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడింది.

మే నెల మొదట్లో మంచు పూర్తిగా పోయాక ఆవిడను మళ్లీ ట్రెయిల్‌కు తీసుకెళ్లా. చేతికర్ర ఒక పక్క, నేను ఒక పక్క. అడవి ఇంకా బోడిగానే ఉంది. మేపుల్ చెట్లకు ఆకు లేదు, ఓక్ చెట్లయితే చచ్చిపోయాయేమో అన్నట్టున్నాయి. ఆ బూడిదరంగులో ఒక్క పొద మాత్రం నిండుగా పచ్చగా ఉంది. నడుం ఎత్తు ఉంటుంది, కొమ్మలు విల్లులా వంగి నేలకు దిగాయి. అత్తమ్మ ఆగిపోయింది. నేను చెయ్యి పెట్టబోతే చురుక్కుమని గుచ్చుకుంది, కొమ్మ నిండా ముళ్లు.

నేనూ ఆవిడా ఏదో ఒకటి మాట్లాడుకుని ఎన్నాళ్లయిందో. మొక్కల పేర్లు చెప్పే యాప్ ఫోన్లో ఉంది, ఫొటో తీశా. ప్రిక్లీ గూస్‌బెర్రీ అని చూపించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. గూస్‌బెర్రీ అంటే ఏంటో నాకు తెలీదా? ఇండియన్ స్టోర్లో ఉసిరి జ్యూస్ సీసా మీద, ఉసిరి పచ్చడి సీసా మీద అదే కదా రాసుంటుంది! కెనడాలో మన ఊరి చెట్టు దొరికిందనుకుని సంబరంగా అరిచా.

"అత్తమ్మా! ఇది ఉసిరి చెట్టట!"

ఆవిడ నా వైపు తిరిగింది. ఆ చూపు నాకు తెలుసు. "కట్ చేశా" అన్నప్పుడు చూసే చూపు. ముఖం ఎర్రబడింది, కర్ర నేలకేసి కొట్టింది.

"కాదు!"

జనవరి తర్వాత "అదే" కాకుండా ఆవిడ నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. నేను ఏదో అనేలోపే ఆవిడ కొమ్మ మీదికి వంగింది. ఆకుల కింద సన్నటి కాడలకు చిన్న చిన్న పువ్వులు వేలాడుతున్నాయి, లేత ఆకుపచ్చ రంగు, తలవంచుకున్న గంటల్లా. ఎడమచేత్తో ఒక పువ్వును పైకి తిప్పి, గోటితో దాని అడుగు చూపిస్తూ మొదలుపెట్టింది.

"పొద... కంటకయుతం. పత్రం... సరళం. ఏకాంతరం. పుష్పం... అండకోశోపరికం. నిమ్న... నిమ్న అండాశయం! ఏకబిలయుతం. కుడ్య... కుడ్య అండన్యాసం!"

గొంతు వేరు. వంటింట్లో నాతో గొడవపడే గొంతు కాదు, వెనక బెంచీ దాకా వినిపించే గొంతు. నేను గబగబా ఫోన్లో వీడియో నొక్కా. ఆవిడ మళ్లీ చెప్పింది, మొదట్నుంచీ, అదే వరసలో. "నిమ్న! నిమ్న!" అంటూ గోటితో పువ్వు అడుగును పొడిచి పొడిచి చూపించింది. నేను బిక్కమొహం వేసుకుని నిలబడితే విసుగొచ్చి నుదురు కొట్టుకుంది.

కాదు, పొద, పుష్పం, ఈ మూడూ నాకు తెలుసు. మిగతావి నేను పుట్టి బుద్ధెరిగాక ఎక్కడా వినలేదు. కుడ్య ఏంటి? నిమ్న ఏంటి? తెలుగులాగే ఉన్నాయి, సంస్కృతంలాగా కూడా ఉన్నాయి, కానీ అర్థం లేదు. థెరపిస్ట్ చెప్పింది గుర్తొచ్చింది. మాటల్లాగే ఉంటాయి, మాటలు కావు. అమ్మో, అయిపోయింది, మాట రాలేదనుకుంటే ఇప్పుడు బుర్ర కూడా పోయిందనుకున్నా. దార్లో ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆవిడకు కనబడకుండా ముఖం తిప్పుకుని ఏడుస్తూ ఇంటికొచ్చా.

మా ఆయనకు వీడియో చూపించా. లెక్చరర్ కొడుకే గానీ ఎంపీసీ బాపతు. టెన్త్ అవగానే హాస్టల్లో పడ్డాడు, అమ్మ పాఠం ఏనాడూ వినలేదు. రెండోసారి కూడా విని తల అడ్డంగా ఊపాడు. "నాకూ ఏం అర్థం కావట్లేదు" అన్నాడు. పక్క గదిలో అత్తమ్మ తలుపు దబ్బున వేసుకుంది, నా మీద కోపం ఇంకా తగ్గలేదు. ఉన్నట్టుండి మా ఆయన "కాల్గరీలో అమ్మ స్టూడెంట్ ఒకావిడ ఉంది కదా" అన్నాడు. ఆవిడ ఆయిల్ కంపెనీ ఆఫీసులో పనిచేస్తుంది, పండగలకు ఫోన్ చేసి "మేడమ్‌కు ఇవ్వండి" అని అడిగేది. అత్తమ్మకు ఇలా అయ్యాక ఫోన్‌లో అరగంట ఏడ్చిన మనిషి. వీడియో పంపి ఫోన్ చేశాం.

అటువైపు నుంచి వీడియోలోని అత్తమ్మ గొంతు రెండుసార్లు వినిపించింది. "హలో, విన్నారా?" అన్నా.

"విన్నానండీ," అంది ఏడుస్తూ. "మీకు అర్థం కాలేదా? మేడమ్ క్లాస్ చెప్తున్నారండీ."

"అంటే, అవి నిజం మాటలేనా?"

"అయ్యో! తెలుగు మీడియం బోటనీలో మొక్కను వర్ణించే మాటలు. మేం పరీక్షలో ఇలాగే రాయాలి, ఇదే వరసలో, వరస తప్పితే మార్కు పోయేది. కంటకయుతం అంటే ముళ్లున్నది. ఏకాంతరం అంటే ఆకులు కొమ్మకు ఒకటి ఇటు, ఒకటి అటు వస్తాయి. ఏకబిలయుతం అంటే లోపల ఒకటే గది. కుడ్యం అంటే గోడండీ. గింజలు కాయ లోపల గోడకు అంటుకుని ఉంటాయని."

అయినా మనసు ఊరుకోలేదు. "అయితే కంఠతా పట్టిందే అప్పజెప్పిందా? చిన్నప్పుడు నేర్చిన పద్యం వచ్చినట్టు?"

"కాదండీ, అదే చెప్పబోతున్నా! మీరు దాన్ని ఏమన్నారు ముందు?"

"ఉసిరి చెట్టన్నా."

ఆవిడ నవ్వింది, ఏడుస్తూనే. "ఉసిరిని అప్పజెప్పాలంటే ఇలా రాదండీ. ఉసిరికి అండాశయం, అంటే కాయగా మారే ఆ చిన్న బుడిపె, పువ్వు లోపల పైకి కూర్చుంటుంది. దీనికి పువ్వు కిందికి దిగిపోయింది. అదే నిమ్న అండాశయం, మిగతా పువ్వంతా దాని పైన ఉంటుంది కాబట్టే అండకోశోపరికం. ఉసిరి కాయలో టెంక, దీనికి గోడలకు అంటుకున్న గింజలు. పేరేదైనా కానీ, పువ్వు అడుగు చూడు, ఇది ఉసిరి కాదు, కానే కాదు అని మేడమ్ మీతో వాదించారండీ. రుజువుతో సహా."

ఫోన్ పెట్టేశాక ఆ వీడియో మళ్లీ చూశా. మనిషి ఎక్కడికీ పోలేదు. లోపలే కూర్చుని, చూసి, పోల్చి, తేల్చి, నా తప్పు పట్టి, రుజువు చూపించింది. నేను ఆ రుజువును పిచ్చి మాటలనుకుని ఏడ్చుకుంటూ ఇంటికి లాక్కొచ్చా. చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఇదే కాబోలు. వెళ్లి ఆవిడ తలుపు తట్టి, "సారీ అత్తమ్మా, ఉసిరి కాదు" అన్నా. "అదే!" అంది, గడ్డం పైకెత్తి. ఈసారి ఆ ముక్క సరిగ్గా అతికింది.

మర్నాడు పొద్దున మీటింగ్ ఒకటి ఎగ్గొట్టి ఒక్కదాన్నే ఆ పొద దగ్గరికి వెళ్లా. ఆవిడ ఏం చూసిందో నేనూ చూడాలనిపించింది. ముళ్లు ఎక్కడ పడితే అక్కడ లేవు, ఆకు పుట్టే ప్రతి కణుపు దగ్గరా కాపలాగా నిలబడ్డాయి, ఒకచోట ఒకటి, ఇంకోచోట మూడు. ఆకు చిన్నది, మేపుల్ ఆకును గుప్పెట్లో పట్టేంత చేస్తే ఎలా ఉంటుందో అలా, అంచులు గుండ్రంగా కత్తిరించినట్టు, చేత్తో తాకితే మెత్తటి నూగు. ఒక ఆకు ఇటు, దాని పైది అటు, ఏకాంతరం. పువ్వును పైకి తిప్పి చూశా. అయిదు పచ్చటి రేకులు వెనక్కి మడిచి ఉన్నాయి, యాప్ ప్రకారం అవి నిజంగా పూరేకులు కూడా కావట, అసలు పూరేకులు వాటి మధ్య గోరంత తెల్లగా నక్కి ఉన్నాయి. వాటన్నిటి కిందా, కాడకు ఆనుకుని, ఆవగింజ కంటే కొంచెం పెద్ద బుడిపె. దాని మీద కూడా బుల్లి బుల్లి ముళ్లు. నిమ్న అండాశయం.

ఒకటి గోటితో చీల్చా. ఫోన్ కెమెరా పెద్దది చేసి చూస్తే లోపల ఒకే ఒక గది, దాని గోడకు వరసగా అతుక్కున్న, కంటికి ఆననంత గింజలు. కుడ్య అండన్యాసం. అక్కడ ఆ తడి నేల మీద నేను అలాగే కూలబడ్డా. నేను అర్థం లేదనుకున్న ప్రతి మాటా అక్కడ ఉంది, దాని చోట అది ఉంది. ఒక పెద్ద తుమ్మెద వచ్చి నా మొహం పక్కనే ఆ గంటల్లో ఒక్కోదానికీ వేలాడి తాగి పోయింది. అడవిలో ఇంకే పువ్వూ విచ్చుకోని రోజుల్లో దాని ఆకలికి ఈ పొద ఒక్కటే దిక్కు. ఇన్నేళ్లు ఈ దారిన నడిచి నేనొక్కసారీ దీన్ని చూడలేదు. దండం పెట్టాలనిపించింది, పెట్టా. కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయన ఆగి "ఆర్ యూ ఓకే?" అని అడిగి పోయాడు.

థెరపిస్ట్‌కు వీడియోతో పాటు ఒక కొమ్మ కూడా తీసుకెళ్లా. ఒక్కో మాటా ఒక్కో భాగం చూపిస్తూ ఇంగ్లీష్‌లో చెప్పా. అత్తమ్మ పక్కన కూర్చుని, నేను తడబడిన చోట కొమ్మ లాక్కుని సరిచేసింది. ఆ అమ్మాయి కార్డుల పెట్టె మూసేసి పక్కన పెట్టింది. "కప్పూ కుర్చీ కాదు మనం అడగాల్సింది. ఈవిడకు ప్రాణమైనదాన్ని పట్టుకుని వెళ్దాం" అంది. ఇంకొన్నాళ్లు థెరపీ కొనసాగించాలని రాసింది. మా ఆయన ఆ రాత్రి అంతా విని సంతోషించాడు, కానీ చివర్లో "అండాశయం సరే. నొప్పొస్తే ఏమంటుంది?" అన్నాడు.

ఆ ఎండాకాలం నేను అత్తమ్మ దగ్గర బోటనీ చదివా. పద్ధతి ఒకటే. నేను తప్పు చెప్పాలి, ఆవిడకు కోపం రావాలి, కోపంలో మాట రావాలి. "ఇవి ముళ్లు కాదు కదా, ఎండిన పుల్లలు" అంటే "కంటకం!" అని అరిచేది. "కొమ్మ నేలకు తగిలి చచ్చిపోయినట్టుంది" అంటే నా మెడ పట్టి వంచి చూపించేది, తగిలిన చోట కొమ్మకు వేళ్లు దిగి అక్కడ కొత్త పొద మొదలైంది. "అంటు" అంది, ఇంకోసారి గట్టిగా, "అంటు!" పొదకు పొద తనను తనే నాటుకుంటూ లోయంతా నడుస్తోందని తెలిసి నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. జూన్‌లో పువ్వులు వాడి, బుడిపెలు ఉబ్బి, ముళ్ల గోళీల్లాంటి కాయలయ్యాయి. వెలుతురుకు పెట్టి చూస్తే లోపలి గీతలు, గింజల నీడలు కనిపించేవి.

మాటలొచ్చేవి, కానీ అన్నీ ఆ పుస్తకంలోవే. ఒక మధ్యాహ్నం ఎండలో గొంతు పట్టుకుని "దారువు, దారువు" అంది. నాకు తెలీలేదు, కర్ర ఇచ్చా, కుర్చీ ఇచ్చా. చివరికి ఫోన్లో వెతికితే తెలిసింది, దారువు అంటే మొక్కలో వేరు నుంచి పైకి నీళ్లు మోసే గొట్టం. ఆవిడకు దాహమేస్తోంది! నీళ్లు అనే మాటకు దారి మూసుకుపోతే, చెట్టు లోపల్నుంచి చుట్టూ తిరిగి నీళ్ల దాకా వచ్చింది మహాతల్లి. గ్లాసు అందిస్తూ ఆ చెయ్యి పట్టుకుని వదల్లేకపోయా. కానీ మా ఆయన అన్నది నిజమే. పన్ను నొప్పికి బోటనీలో మాట లేదు.

ఆగస్టులో కాయలు పండాయి. ముదురు ఎరుపు, కొన్ని వంకాయ రంగు, ముళ్లు మెత్తబడ్డాయి. దూరం నడవడం అప్పటికి ఆవిడకు అలవాటైంది, ఆ రోజు ఎప్పటికంటే ఎక్కువ నడిచాం. అన్నిటి పేర్లూ నాకూ కొంచెం కొంచెం వచ్చేశాయి, తప్పు చెప్పడమే కష్టమైపోయింది. ఒక పండు కోశా. ఒక కొనకు కాడ, ఇంకో కొనకు ఎండి ముడుచుకున్న పాత పువ్వు, ఇంకా వదలకుండా పట్టుకుని ఉంది. పువ్వు కింద కాయ కాస్తే పువ్వు కాయకు చివరన మిగలక ఏమవుతుంది? చిన్నపిల్లకైనా తెలుస్తుంది. అయినా నేను ఆ ఎండిన పువ్వు పట్టుకుని మొహం అమాయకంగా పెట్టా.

"ఇదే కదా అత్తమ్మా తొడిమ? దీనికే కాయ వేలాడేది?"

కర్ర నేలకు తగులుతుందని చూశా. తగల్లేదు. ఆవిడ నన్ను కిందికీ పైకీ చూసింది. మూతి వంకర కొంచెం మిగిలే ఉంది, ఆ వంకర పక్కనుంచే నవ్వొచ్చింది.

"వేషాలెయ్యకు," అంది.

అది పుస్తకంలో మాట కాదు. అది మా వంటింటి మాట. ఆవిడ పెదాలు ఇంకా కదులుతున్నాయి, దేనికోసమో వెతుకుతున్నాయి. మామూలుగా అయితే నేనే ఆ మాట అందించేసేదాన్ని. ఈసారి నోరు బిగబట్టుకున్నా. ఆవిడ వంగి ఎడమచెయ్యి కుడికాలి మీద పెట్టుకుంది.

"మోకాలు," అంది. ఊపిరి పీల్చుకుంది. "మోకాలు నొప్పే."

అత్తగారు మోకాలు నొప్పంటే అడవి మధ్యలో నిలబడి ఆనందంతో వెక్కి వెక్కి ఏడ్చిన కోడలు ఈ భూప్రపంచంలో నేనొక్కదాన్నే అయ్యుంటా. ఆవిడ కాసేపు ఓర్చుకుంది. నేను ఇంకా ఏడుస్తూనే ఉంటే విసుగొచ్చి, కర్రతో నా కాలి మీద మెల్లగా తట్టి, మళ్లీ చెప్పింది, నాకు వినబడలేదేమో అనుకుని, వెనక బెంచీ దాకా వినిపించే గొంతుతో.

"నొప్పి!"